రాత్రి రెండున్నరకు గుచ్చుకున్న సూది

ముందుగా ఒక మాట. హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ పూర్తి చేయని మెడికల్ స్టూడెంట్ ఎవరైనా ఇది చదువుతుంటే, మిగతాది తర్వాత చదవచ్చు, ముందు ఆ మిగిలిన డోసు వేయించుకోండి. ఇదంతా రాయడానికి కూర్చున్నదే ముఖ్యంగా దానికోసం.

నేనప్పుడు ఫైనల్ ఇయర్. క్యాజువాల్టీలో నైట్ పోస్టింగ్. ఆ రాత్రి రద్దీ మామూలుగా లేదు. నలుగురు పేషెంట్లకు వరసగా బ్లడ్ శాంపిల్స్ తీయమన్నారు, తీశాను. గ్లవ్స్ వేసుకునే తీశాను. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే తర్వాత అందరూ అడిగిన మొదటి ప్రశ్న అదే. వాడిన సూదులు పడేసే షార్ప్స్ బాక్స్ వార్డుకి ఆ చివర, నర్సింగ్ స్టేషన్ పక్కన ఉండేది. ప్రతిసారీ అక్కడిదాకా వెళ్లి రావడం ఎందుకులే, అన్నీ అయ్యాక ఒకేసారి పడేద్దామని వాడిన సిరంజిలన్నీ కిడ్నీ ట్రేలో పెట్టుకుంటూ పోయాను. నాలుగోది అయ్యేసరికి అవతలి బెడ్ దగ్గర్నుంచి పీజీ సర్ "శాంపిల్స్ పంపావా? తొందరగా కానీ" అని కేకేశారు. ట్రే చూస్తే నిండా మూతల్లేని సూదులు. ఇలాగే మోసుకెళ్తే దారిలో ఎవరికైనా గుచ్చుకుంటుందేమోనని భయమేసి ఒక్కోదానికి మూత పెట్టడం మొదలుపెట్టాను. రెండో మూత కోసం ట్రేలో చెయ్యి పెట్టేసరికి ఎడమ చూపుడు వేలికి చురుక్కుమంది.

నొప్పి అని కూడా అనలేను, చీమ కుట్టినట్టు అంతే. గ్లవ్ మీద ఏమీ కనిపించలేదు. ఒకటి రెండు క్షణాలు ఆగాక లోపలి వైపు నుంచి ఆవగింజంత ఎర్ర చుక్క ఊరి, ఆ పల్చటి రబ్బరు కింద మెల్లగా పరుచుకుంది. అది అలా పాకడం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

అప్పుడు నేను చేసింది ఉన్నదున్నట్టు చెబుతాను. చుట్టూ చూశాను, ఎవరైనా గమనించారా అని. ఎవరూ చూడలేదు. గ్లవ్ తీసి, వేలు గట్టిగా నొక్కి రెండు చుక్కల రక్తం పిండి, స్పిరిట్ దూదితో తుడిచి, కొత్త గ్లవ్ వేసుకుని శాంపిల్స్ లేబుల్ చేయడానికి వెళ్లిపోయాను. అందులో ఒక్కటీ చేయాల్సిన పని కాదు. సూది గుచ్చుకుంటే వేలిని పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు, స్పిరిట్, బ్లీచ్ లాంటివి పొయ్యకూడదు, సబ్బుతో నీళ్ల కింద కడుక్కుని వెంటనే చెప్పాలి. ఇవన్నీ నాకు తెలుసు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

అంతకు రెండు నెలల ముందే కమ్యూనిటీ మెడిసిన్ వాళ్లు మా బ్యాచ్‌కి ఒక ప్రశ్నాపత్రం పంచారు. అంటువ్యాధుల నుంచి రక్షణ గురించి మాకేం తెలుసు, మేమేమనుకుంటాం, మేమేం చేస్తాం అని మూడు భాగాలు. మొదటి భాగంలో నాది ఒక్కటే తప్పు పోయింది, షార్ప్స్ బాక్స్ ఎంత నిండితే మార్చాలి అన్నది (ముప్పావు వంతు నిండగానే మూసేయాలి, నేను పూర్తిగా అని పెట్టాను). రెండో భాగంలో "జాగ్రత్తలు పాటించడం నా బాధ్యత" అన్నదానికి "పూర్తిగా ఏకీభవిస్తాను". మూడో భాగంలో "వాడిన సూదికి మళ్లీ మూత పెడతారా?" అంటే "ఎప్పుడూ పెట్టను" అని టిక్ కొట్టాను. అబద్ధం రాస్తున్నానన్న స్పృహ కూడా లేదు నాకు. పెట్టకూడదని తెలుసు కాబట్టి పెట్టనని రాసేశానంతే. నా చేతులు రోజూ ఏం చేస్తున్నాయో నేనెప్పుడూ చూసుకోలేదు. మూత పెట్టమని నాకెవరూ నేర్పలేదు, పెట్టొద్దనే నేర్పారు, కానీ మొదటి పోస్టింగ్‌లో నేను చూసి నేర్చుకున్న సీనియర్లందరూ పెట్టేవాళ్లు. క్లాసులో విన్నది తలలోకి పోయింది, వార్డులో చూసింది చేతుల్లోకి పోయింది. రాత్రి రెండున్నరకు, నిద్ర ముంచుకొస్తున్నప్పుడు, పని చేసేది చేతులే.

దాదాపు నలభై నిమిషాలు ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని తర్వాత చాలా ఆలోచించాను. తిడతారని భయం ఉంది, నిజమే. కానీ దానికంటే పెద్దది సిగ్గు. సూది కూడా సరిగ్గా పట్టుకోవడం రాదా అంటారేమో, ఇంటర్నల్స్‌లో గుర్తు పెట్టుకుంటారేమో, అంత రద్దీలో నా గొడవ ఒకటా అనుకుంటారేమో. ఇంకో ఆలోచన కూడా ఉంది, అది మరీ ప్రమాదకరమైనది: పేషెంట్లు చూడ్డానికి బాగానే ఉన్నారు కదా, ఏం కాదులే అని. వైరస్‌లు మొహం మీద కనిపించవని, అందుకే ప్రతి ఒక్కరి రక్తాన్నీ ఒకేలా చూడాలని, స్టాండర్డ్ ప్రికాషన్స్ అనే మాటకు అర్థమే అదని నాకు తెలియక కాదు.

కనిపెట్టింది డ్యూటీ సిస్టర్. లేబుల్ మీద రాస్తుంటే చెయ్యి వణుకుతోందట. "ఏదీ, ఆ చెయ్యి చూపించు" అన్నారు. చూపించాను. ఒక్క మాట తిట్టలేదు. సింక్ దగ్గరికి తీసుకెళ్లి కుళాయి తిప్పి, సబ్బు ఇచ్చి, నేను మళ్లీ వేలు నొక్కబోతుంటే "పిండకు, నీళ్లు పోనీ" అని నా మణికట్టు పట్టుకుని ఆపారు. తర్వాత అడిగింది ఒక్కటే: "ఎన్నింటికి గుచ్చుకుంది?"

ఆ ప్రశ్నకి అంత విలువ ఎందుకో వివరంగా చెబుతాను. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు, పెప్ అంటాం కదా, వాటి మొదటి డోసు ఎంత తొందరగా పడితే అంత మంచిది. వీలైతే రెండు గంటల్లోపు, ఎట్టి పరిస్థితుల్లోనూ 72 గంటలు దాటకూడదు. మందు పని వైరస్ ఒంట్లో పాతుకుపోకముందే దాన్ని ఆపడం, పాతుకున్నాక ఈ మందుతో లాభం లేదు. జిడోవుడిన్ అనే ఒక్క మందే వాడిన రోజుల్లోనే, 1997లో అచ్చయిన ఒక అధ్యయనంలో, సూది గుచ్చుకున్న ఆరోగ్య సిబ్బందిలో ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం సుమారు 81 శాతం తగ్గినట్టు తేలింది. ఇప్పుడు ఇచ్చేవి మూడు మందులు కలిసినవి. అంటే ఆ నలభై నిమిషాలు నేను మోసింది సిగ్గొక్కటే కాదు, చేతిలో ఉన్న మంచి అవకాశాన్ని కొంచెం కొంచెంగా జారవిడుస్తున్నాను.

డ్యూటీ డాక్టర్ మేడమ్ వచ్చారు, ఫారం నింపారు. ఏ సూది, లోపల గొట్టంలా బోలుగా ఉన్నదా లేక కుట్లు వేసే గట్టి సూదా (బోలు సూదిలో రక్తం నిలుస్తుంది కాబట్టి ప్రమాదం ఎక్కువ), ఎంత లోతు, గ్లవ్ ఉందా, ఎవరి రక్తం. చివరి ప్రశ్న దగ్గర ఆగిపోయాను. ఎవరి రక్తమో నాకు తెలియదు. ట్రేలో నలుగురివీ కలిసిపోయి ఉన్నాయి. ఆ సూదినే టెస్ట్‌కి పంపొచ్చు కదా మేడమ్ అని అడిగాను. సూదులకు టెస్ట్ చెయ్యరు, ఆ ఫలితాన్ని నమ్మలేం, పైగా చేసేవాళ్లకు మళ్లీ గుచ్చుకునే ప్రమాదం అన్నారు. నలుగురు పేషెంట్లకూ విషయం చెప్పి, వాళ్ల అనుమతి తీసుకుని టెస్ట్ చేయాలి. ముగ్గురు ఒప్పుకున్నారు, ముగ్గురికీ అన్నీ నెగెటివ్. నాలుగో ఆయన తెల్లవారేలోపే ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయారు.

దాంతో నా కేసు కాగితం మీద "సోర్స్ తెలియదు" అని పడింది. వాడిన సూదిని వాడిన చోటే, బెడ్ పక్కనే బాక్సులో పడేసి ఉంటే అసలు గుచ్చుకునేదే కాదు, ఒకవేళ గుచ్చుకున్నా అది ఎవరిదో తెలిసేది. మొదటి మాత్ర ఆ రాత్రి మూడున్నరకు మేడమ్ ముందే మింగాను. మొత్తం 28 రోజులు వాడాలి.

ఇక్కడిదాకా భయం హెచ్ఐవీ చుట్టూనే తిరిగింది. అందరికీ అంతే, ఆ పేరు వింటేనే గుండె జారుతుంది. కానీ మేడమ్ అసలు టెన్షన్ వేరే దాని గురించి. "హెపటైటిస్ బి ఎన్ని డోసులు వేయించుకున్నావ్?" అన్నారు. రెండు, అన్నాను. ఆవిడ పెన్ను కింద పెట్టేశారు.

మేం మూడు మూళ్ల లెక్క అని బట్టీ పడతాం: పాజిటివ్ పేషెంట్ రక్తం సూది ద్వారా వెళ్తే, టీకా లేనివాళ్లకు హెపటైటిస్ బి వచ్చే అవకాశం 30 శాతం దాకా, సి 3 శాతం దాకా, హెచ్ఐవీ 0.3 శాతం. సి విషయంలో ఇప్పటి అంచనాలు ఇంకా తక్కువే. ఏదేమైనా బి ముందు హెచ్ఐవీ ఎంత చిన్నదో చూడండి, వంద రెట్ల తేడా. అయినా మన భయం తలకిందులుగా ఉంటుంది. అదీగాక, ఆ మూడింటిలో టీకా ఉన్నది బి ఒక్కదానికే. మొదటి ఏడాది చేరగానే ఒక డోసు, నెలకి రెండోది వేయించుకున్నాను. ఆరు నెలలకి వేయించుకోవాల్సిన మూడోది సరిగ్గా పరీక్షలప్పుడు పడింది, జ్వరం వస్తే చదువు పోతుందని వాయిదా వేశాను, తర్వాత మర్చిపోయాను. మా బ్యాచ్‌లో వాకబు చేస్తే నాలాంటివాళ్లు చాలామందే తేలారు. మూడూ వేయించుకున్నవాళ్లలో కూడా యాంటీబాడీ టెస్ట్ చేయించుకున్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. చివరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకి టైటర్ (రక్తంలో యాంటీబాడీలు ఎన్ని ఉన్నాయన్న లెక్క) చూపించుకోవాలి, 10 దాటితే రక్షణ ఉన్నట్టు. కొంతమందికి మూడు డోసులు పడినా రక్షణ రాదు, వాళ్లకి మళ్లీ వేస్తారు. ఎవరికి వచ్చిందో ఎవరికి రాలేదో టెస్ట్ చేస్తేగానీ తెలియదు.

నాకు ఇమ్యునోగ్లోబ్యులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీల) ఇంజెక్షన్ కావాల్సి వచ్చింది, అది 24 గంటల్లోపు పడితే మేలు. అదొక చోట, మిగిలిపోయిన మూడో డోసు టీకా ఇంకో చోట, రెండూ ఆ రోజే వేశారు. ఒక ఊరటేమిటంటే మధ్యలో ఎన్నేళ్లు గడిచినా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు, ఆగిన చోటు నుంచి పూర్తి చేస్తే చాలు. ఈ సంగతి తెలియకే చాలామంది "ఇప్పుడెలాగూ కోర్సు పాడైపోయిందిగా" అని వదిలేస్తున్నారు. పాడవ్వదు. వెళ్లి వేయించుకోండి.

28 రోజుల గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. మొదటి వారం వికారం, తలనొప్పి, రాత్రిళ్లు సరిగ్గా నిద్ర పట్టకపోవడం. తర్వాత సర్దుకుంది. అప్పటికే నేను ఐరన్ మాత్రలు వేసుకుంటున్నాను. అవి, క్యాల్షియం, కొన్ని గ్యాస్ మందులు ఈ పెప్ మాత్రతో కలిపి వేసుకుంటే మందు ఒంటికి సరిగ్గా పట్టదని, పెప్ మాత్ర వేసుకున్న రెండు గంటల తర్వాతే వాటిని వేసుకోవాలని కౌన్సెలర్ మేడమ్ చెప్పకపోతే నాకు తట్టేది కాదు. మీరేం వాడుతున్నా దాచకుండా చెప్పండి. వికారంగా ఉందని పదో రోజుకే మానేసినవాళ్లు కూడా ఉన్నారని ఆవిడ అన్నారు. నేను రోజూ రాత్రి తొమ్మిదికి అలారం పెట్టుకుని ఒక్క డోసు కూడా తప్పకుండా వేసుకున్నాను. రక్తదానం చేయకూడదు, టెస్టులన్నీ అయ్యేదాకా ఇంకా కొన్ని జాగ్రత్తలు. అవన్నీ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పారు, సిగ్గుపడకుండా విన్నాను. హెపటైటిస్ సి కి ఇలా ముందుగా ఇచ్చే మందు లేదు, టెస్టులు చేస్తూ కనిపెట్టుకుని ఉండటమే. వస్తే మాత్రం ఇప్పుడు నయం చేసే మాత్రలున్నాయి.

ఎదురుచూడటమే కష్టం. ఆ రోజుల్లో పాత నోట్సు తిరగేస్తుంటే సెమ్మెల్‌వైస్ అనే డాక్టర్ కథ కనిపించింది. మెడిసిన్ చదివిన ప్రతి ఒక్కరూ చదివిందే. వియన్నా జనరల్ హాస్పిటల్, 1847, పోస్ట్‌మార్టం చేసి నేరుగా కాన్పుల వార్డుకి వెళ్లే డాక్టర్లు, స్టూడెంట్లు, జ్వరంతో చనిపోయే బాలింతలు. మంత్రసానులు చూసే వార్డులో మరణాలు తక్కువ, మెడికల్ స్టూడెంట్లు నేర్చుకునే వార్డులో ఎక్కువ. ఆయన క్లోరిన్ సున్నపు నీళ్లతో చేతులు కడిగించాక, ఏప్రిల్‌లో 18 శాతం దాటిన మరణాలు జూన్‌కల్లా 2 శాతం దగ్గరికి వచ్చేశాయి. ఇదంతా చేతులు కడుక్కోవడం గురించిన కథగానే గుర్తుపెట్టుకున్నాను. కానీ ఆయనకి దారి చూపించింది ఒక స్నేహితుడి చావు. కొల్లెట్ష్కా అనే ప్రొఫెసర్‌కి పోస్ట్‌మార్టం చేస్తుండగా ఒక స్టూడెంట్ చేతిలోని కత్తి వేలికి తగిలింది, ఆ ఇన్ఫెక్షన్‌తోనే ఆయన పోయాడు. పరీక్షకి చదివినప్పుడు ఈ వాక్యం మీద నా చూపు ఆగలేదు. ఈసారి నా వేలి వంక చూసుకుంటూ చదివాను. ఆ స్టూడెంట్ ఎవరో, ఆ తర్వాత ఏమనుకున్నాడో అని చాలాసేపు ఆలోచిస్తూ కూర్చున్నాను.

మూడో వారంలో ఇన్ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్ మా బ్యాచ్‌ని పిలిచి ట్రైనింగ్ పెట్టారు. స్లైడ్లు లేవు. అందరి చేతులకీ ఒక లోషన్ రాయించి, అది హ్యాండ్ రబ్ అనుకుని మామూలుగా ఎలా రుద్దుకుంటారో అలాగే రుద్దుకోండి అన్నారు. తర్వాత లైట్లు ఆర్పి అతినీలలోహిత దీపం కింద చేతులు పెట్టించారు. లోషన్ అంటిన చోటంతా మెరుస్తోంది, అంటని చోటు నల్లగా ఉంది. నావి రెండు బొటనవేళ్లూ మొదలు నుంచి నల్లగా, వేళ్ల కొసలు నల్లగా. అరచేతులు మాత్రం తళతళలాడుతున్నాయి. వేళ్ల కొసలతోనే కదా నాడి చూసేది, కాన్యులా (నరంలోకి వెళ్లే సన్నటి గొట్టం) పెట్టేది. హ్యాండ్ రబ్ అయితే 20 నుంచి 30 సెకన్లు, సబ్బూ నీళ్లూ అయితే 40 నుంచి 60 సెకన్లు అని మాకందరికీ కంఠతా వచ్చు. వాచీ పెట్టి చూస్తే మేం రుద్దింది ఎనిమిది, తొమ్మిది సెకన్లు. గ్లవ్స్ వేసుకున్నాం కాబట్టి చేతులు శుభ్రం చేసుకోనక్కర్లేదు అనుకునేవాళ్లు కూడా మాలో ఉన్నారు. గ్లవ్‌కి కంటికి కనిపించని చిల్లులుండొచ్చు, తీసేటప్పుడు చేతికి అంటుకోవచ్చు, అందుకే తీశాక కూడా చేతులు శుభ్రం చేసుకోవాల్సిందే.

టీబీ వార్డు సంగతి కూడా అప్పుడే వచ్చింది. అక్కడ పీజీలు మాస్క్ గడ్డం కిందికి లాక్కుని రౌండ్స్ చేస్తుంటే మేం ఎన్95 పెట్టుకోవడం అతిగా కనిపిస్తుందేమోనని తీసేసిన రోజులున్నాయి. ఆ మాట ఒకరంటే గదిలో సగంమంది తలలూపారు. దగ్గే పేషెంట్‌కి సర్జికల్ మాస్క్, మనకి ఎన్95 అని పరీక్షలో అందరం రాస్తాం. పెట్టుకున్నాక రెండు చేతులూ అడ్డంపెట్టి ఊది, అంచుల నుంచి గాలి పోతోందేమో చూసుకోవాలని కూడా తెలుసు. ముందు నిలబడ్డ సీనియర్ పెట్టుకోకపోతే ఆ తెలిసిందంతా జేబులోకి పోతుంది. నా ఉద్దేశంలో స్టూడెంట్లకి ఇంకో వంద లెక్చర్లు ఇచ్చే బదులు, రౌండ్స్‌లో మొదట నడిచే మనిషి మాస్క్ సరిగ్గా పెట్టుకుని, బెడ్ బెడ్‌కీ మధ్య చేతులు రుద్దుకుంటే వెనకున్న పదిమందీ అదే చేస్తారు. మాకు చూపించండి చాలు, అంతకంటే అడగట్లేదు.

ట్రైనింగ్ చివర్లో నా సంగతి బ్యాచ్ ముందు చెప్పాను. ఎవరూ చెప్పమనలేదు. గొంతు కొంచెం వణికింది కానీ చెప్పేశాను, నలభై నిమిషాల సంగతితో సహా. అయ్యాక బయట ముగ్గురు వచ్చి తమకీ గుచ్చుకుందని, ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదని చెప్పారు. ఒకళ్లకైతే ఏడాది దాటింది. ముగ్గురినీ ఆ రోజే టెస్టులకి తీసుకెళ్లాను.

ఆ తర్వాత క్యాజువాల్టీలో ఒక మార్పు జరిగింది. శాంపిల్స్ తీసే ట్రాలీకే చిన్న షార్ప్స్ బాక్స్ బిగించారు. ఇప్పుడు సూది బయటికి తీయగానే చెయ్యి చాపితే బాక్స్. మూత పెట్టాలన్న ఆలోచనే రాదు. మా అందరి బుద్ధినీ మార్చడానికి ఏళ్లు పట్టేదేమో గానీ, ఆ బాక్స్ బిగించడానికి ఒక్క మధ్యాహ్నం పట్టింది.

ఆరు వారాల టెస్ట్ నెగెటివ్, మూడు నెలలది నెగెటివ్. హెపటైటిస్ సి కూడా నెగెటివ్. టీకా యాంటీబాడీ టెస్ట్ మాత్రం ఆరు నెలలు ఆగి చేయించుకోమన్నారు, ఇమ్యునోగ్లోబ్యులిన్ ద్వారా వచ్చిన యాంటీబాడీలు ఒంట్లో ఉన్నంతకాలం అది టీకా వల్ల వచ్చిందో దానివల్ల వచ్చిందో తేల్చలేరు కాబట్టి. ఆరు నెలలు దాటాక చేయిస్తే 400 పైన వచ్చింది. ఆ కాగితం ఫొటో తీసి రాత్రి డ్యూటీ సిస్టర్‌కి చూపించాను. నా మణికట్టు మీద చెయ్యి వేసి, "వేలు పిండట్లేదు కదా ఇప్పుడు" అన్నారు.

రిపోర్టు ఇవ్వడానికి ఇన్ఫెక్షన్ కంట్రోల్ గదికి వెళ్లినప్పుడు అక్కడి సిస్టర్ రిజిస్టర్ తెరిచి నా పేరు ఎదురుగా చివరి గడి నింపారు. పేజీలు వెనక్కి తిప్పి చూపించారు. అంతకుముందు ఏడాది మొత్తానికి సూది గుచ్చుకుందని నమోదైన స్టూడెంట్లు ఇద్దరు. ఈ ఏడాది అప్పటికే పదకొండు మంది. ఇంతమందికి గుచ్చుకుంటోందా అని నేను కంగారు పడబోతే, "అప్పుడూ ఇంతమందికీ గుచ్చుకునే ఉంటుంది, ఇప్పుడు వచ్చి చెబుతున్నారు" అని నా తర్వాత రాసిన పేర్ల పక్కన టైమ్ ఉన్న గడి మీద వేలు పెట్టి చూపించారు. ఏడుగురు మొదటి గంటలోనే వచ్చారు.